రేకుల గదిలో కోమల

నగరి,
12-5-1984.

తిరుపతిలోని వసంతమ్మ మేడం గారికి,

మీ శిష్యురాలు కోమల తల్లి జ్ఞానాంబ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మేమూ మా మగ్గాలూ క్షేమం. ఈ కత్తిరి ఎండల్లో మీరూ, మీ దగ్గర పరుగు నేర్చుకునే పిల్లలూ చల్లగా ఉండాలని కోరుకుంటున్నాను.

మీ కార్డు అందింది. సోమవారం రాష్ట్ర జట్టుకు ఎంపిక అనీ, కోమలకు ఇదే చివరి అవకాశమనీ రాశారు. కోమల రాదు. ఈ ఒక్క మాట రాయడానికి పొద్దుటి నుంచి కలం పట్టుకుని కూర్చున్నాను. వాళ్ళ నాయన చదివాకే కవరు అంటించాలి, అందుకని మర్యాదగా రాస్తున్నాను.

పోయిన నెల జరిగింది మీరు కళ్ళారా చూశారు. పందెం కాగానే అందరం కొండకు పోవాలనుకున్నాము. ఆ వేళకు పిల్లకు ముట్టు రాకూడదని మా అత్త మాత్రలు తెప్పించి మింగించింది. మా వీధిలో ఆ మాత్రలు మింగకుండా కొండెక్కిన ఆడది ఉంటే చూపించండి! మైదానంలో ఆడపిల్లలకు మరుగు లేదని కోమల నీళ్ళు కూడా తాగలేదు. మిట్టమధ్యాహ్నం పరుగెత్తి, గీత చేరకముందే కూలిపోయింది.

డాక్టరమ్మ చెప్పింది మీరూ విన్నారు. ముట్టుకు ముందు రోజుల్లో ఆడవాళ్ళ ఒళ్ళు మామూలు కంటే కాస్త వెచ్చగా ఉంటుందట, చెమట కూడా ఆలస్యంగా పడుతుందట. ఆ మాత్ర ఒంటిని ఆ వేడిలోనే నిలిపి ఉంచుతుందట. దానికి ఎండా, దాహమూ తోడైతే పడిపోక ఏం చేస్తుంది అంది. ముట్టు మొదలయ్యాక ఆ వేడి దానంతట అదే దిగుతుంది, నొప్పి లేకుంటే నీళ్ళు తాగుతూ నిక్షేపంగా పరుగెత్తవచ్చు అంది. ఈ ముక్కలు చదివేటప్పుడు కోమల నాయన తల దించుకుంటారు. దించుకోనీ. అప్పుడు మాత్రం, ఎండకు పడిపోయిన బిడ్డను మళ్ళా ఎండలోకి తోలేదానికి నాకేమన్నా పిచ్చా అని గద్దించారు.

మీ కార్డు చూశాక కొంచెం మెత్తబడ్డారు. మాత్ర ఏసుకుంటే నేనే పిలుచుకోని పోతా అన్నారు. నేను వద్దన్నాను. ఈరోజు తెల్లవారేసరికి పిల్లకు ముట్టయింది. అంటు పెట్టుకోని యాడికి పోతాది, మూడు దినాలు కదలకుండా కూసోమను అంది మా అత్త.

మరమగ్గాల కొట్టం వెనక రేకుల గది ఉంది. అందులోకి మగవాళ్ళు రారు, అత్త తొంగి చూడదు, అన్నం నేనే గడప దగ్గర పెట్టి రావాలి. మాత్ర మింగితే లోపల కాగుతుంది, మింగకపోతే పైన రేకులు కాలుస్తాయి. ఒంట్లో వేడి దిగిన నాడే పిల్లను తీసుకుపోయి ఆ రేకుల కింద కూర్చోబెట్టాము. పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ నేనూ అక్కడే కూర్చున్నాను మేడం. మధ్యాహ్నమయితే గోడకు వీపు ఆనించలేము. ఇప్పుడు నా బిడ్డ.

దయచేసి దాని పేరు కొట్టివేయండి.

ఇట్లు,
జ్ఞానాంబ

తా.క.: కోమల నాయన చదివారు. గది సంగతి వాళ్ళకెందుకు రాస్తివి అని గొణిగారు గానీ, సరే అన్నారు. పోస్టులో వేస్తే సోమవారానికి అందదు, రేపు తొలి బస్సుకు పోయే మనిషి ఎవురన్నా ఉంటే ఇచ్చి పంపు అన్నారు. పంపాను. ఆ మనిషి ఇప్పుడు మీ ఎదురుగానే నిలబడి ఉంది.

పేరు కొట్టివేయకండి. పిల్లకు నొప్పి లేదు. నీళ్ళు బాగా తాగించండి, మరుగు ఎక్కడో మీరే చూపించండి. కళ్ళు తిరుగుతున్నాయంటే ఆపేయండి, జట్టు కన్నా నాకు బిడ్డ ముఖ్యం. సోమవారం రాత్రికల్లా బస్సు ఎక్కించండి. అంతవరకు పూటపూటా ఖాళీ గదికి అన్నం తీసుకుపోయి, నేనే తిని, పళ్ళెం కడిగి తెస్తాను. ఇన్నేళ్ళూ ఆ అంటుకు నేను భయపడ్డాను. ఈ రెండు రోజులూ మా ఇంట్లో వాళ్ళు దానికి బాగా భయపడాలని దేవుడికి మొక్కుకుంటున్నాను.