కేతాల ఇంటికి కోలా కాయలు

తమ్ముడు జుమానాకు అన్న బకరీ రాయడం.

అమ్మ పోయిననాడు, తాతలనాటి వేళాకోళపు వరసతో చావింట్లోనూ మన కులిబాలీలను వెక్కిరించే హక్కున్న కేతాల ఇంటివాళ్ళను నువ్వు గుమ్మంలోంచే తరిమేశావు. పదకొండేళ్ళుగా అది నా గొంతులో ముల్లు. నిన్న బమాకో బస్టాండులో కోడలూ మనవరాళ్ళూ తప్పిపోయారు. నేను దిగినచోటే నిలబడ్డాను. ఒక ముసలమ్మ ఇంటిపేరడిగింది.

"కులిబాలీవా? బొబ్బర్లు మేసే మొహమే! మా కేతాల బానిసవి, నిన్నెవడెత్తుకుపోతాడు? కూర్చో!"

అన్నం పెట్టి, మనవాళ్ళను వెతికించి అప్పగించింది. ఆ తల్లి కడుపు చల్లగా ఉండాలి.

గాడిద కుంటు తగ్గిందా? నా గొడుగు ఎవరికీ ఇవ్వకు. మన్నింపు కోరేటప్పుడు ఇచ్చే ఆ చేదు కోలా కాయలు పట్టుకుని మన వీధి కేతాల గడప తొక్కు, తప్పయిందని చెప్పు. వాళ్ళు నిన్ను బొబ్బర్లు మేసేవాడా అని తిడితేనే క్షమించినట్టు. పిల్లలకు దీవెనలు. తిట్టారో లేదో పై సోమవారం సంతలోపు నాకు తెలియాలి.