బావ తప్పిన పరీక్ష

బెంగళూరు,
మంగళవారం.

అప్పకి చెల్లెలు పైడి నమస్కారాలు. ఇక్కడ నేను బాగున్నాను. నువ్వు, పిల్లలు ఎలా ఉన్నారు? అమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గాయా? ఇక్కడ నెల రోజులుగా ఒకటే ముసురు, ఉతికిన బట్టలు ఆరడం లేదు. హాస్టల్ సాంబారులో బెల్లం వేస్తారు. అయినా తినేస్తున్నాను, నా గురించి బెంగ పెట్టుకోకు.

శనివారం బావ ఆమదాలవలసలో రైలు దిగుతాడు. సెలవు పెట్టి వచ్చానంటాడు. నమ్మకు. బావ ఉద్యోగం పోయింది. పోగొట్టింది నేను. ఫోనులో చెబితే నువ్వు ఏడుస్తావు, నేను అబద్ధం ఆడేస్తాను. అందుకే రాసి, ఆయనకంటే ముందే అందాలని స్పీడ్ పోస్టులో వేస్తున్నాను.

మా కంపెనీ ఆసుపత్రులకి సాఫ్ట్‌వేర్ చేస్తుందని నీకు తెలుసు. అది ఎక్కడ ఆగిపోయినా అందరూ బావకే ఫోన్ చేసేవారు. పన్నెండేళ్ల పని మొత్తం ఆయన తలలోనే ఉంది. కొత్త మేనేజరుకి అది నచ్చలేదు. ఎవరికి తెలిసింది వాళ్లు కంప్యూటర్లో పాఠాలుగా పెట్టాలి, తర్వాత అందరూ పరీక్ష రాయాలి, తప్పినవాళ్లు ఇంటికి పోవాలి అన్నాడు. పాఠాలు రాయడం, ప్రశ్నలు తయారుచేయడం నా పని. ఆ పని నాకు ఇప్పించిందే బావ.

బావ ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెబితే తనతో అవసరం తీరిపోతుందని తెలియదా? మరదలు అడిగితే కాదనడని మేనేజరుకి నేనే నవ్వుతూ చెప్పాను. నువ్వు పంపిన ఎండురొయ్యల పొడి అన్నంలో కలిపి పెట్టి, వేళాకోళాలాడుతూ రెండు నెలల్లో అంతా లాగేశాను. ఆఫీసులో నన్ను తెగ మెచ్చుకున్నారు. గర్వం తలకెక్కింది, దాచడమెందుకు.

పరీక్షలో ఒక ప్రశ్న ఉంది. ఆసుపత్రిలో సిస్టం ఆగిపోతే మొదట ఏం చేయాలి? ముందు వార్డు నర్సుకి ఫోన్ చేసి, ఎవరికి ఏ మందు ఇచ్చారో కాగితం మీద రాసుకోమనాలని బావ నాకు చెప్పాడు. లేకపోతే ఒకే మందు రెండుసార్లు పడుతుందట. మేనేజరు మాత్రం ముందు కంప్యూటర్లో ఫిర్యాదు నమోదు చేసి నంబరు వేయడమే సరైన జవాబన్నాడు. సరేనని అలాగే పెట్టాను. బావ తను చేసేదే రాశాడు. ఒక్క మార్కుతో తప్పాడు.

ఫలితాలు పైకి వెళ్లేముందు రెండు రోజులు నా దగ్గరే ఉన్నాయి. ఆ జవాబు తప్పని ఒక్క మాట రాస్తే చాలు. రాస్తే నా పరీక్ష మొత్తం మళ్లీ చూస్తారు, నా ప్రమోషన్ ఆగుతుంది. నోరు మూసుకున్నాను. భయపడ్డాననుకుంటావేమో. భయం కాదు అప్పా, ఆశ.

వెళ్లిపోయేవాళ్లని ఆఖరి రోజున కూర్చోబెట్టి, చెప్పకుండా మిగిలిందేమైనా ఉందా అని అడగడం ఇక్కడి పద్ధతి. బావని అడగడానికీ నన్నే పంపారు. ఆ ప్రశ్న ఎవరు పెట్టారో ఆయనకి తెలుసు. నా మొహం చూడకుండా అన్నాడు.

"ఒసే పైడీ, ఆ జవాబు మార్సెయ్యే. నా కోసం కాదు. రేపు కొత్తగా వచ్చినోడు అదే నిజమనుకుంటాడు. అక్కడ మనుసులున్నారు."

మారుస్తానన్నాను.

బావ వచ్చాక ఏమీ అడక్కు, ముందు అన్నం పెట్టు. అమ్మకి, మీ అత్తకి నా దండాలు చెప్పు. నాకు ప్రమోషన్ వచ్చిన సంగతి ఊళ్లో అనకు. దీవించమని అడిగే మొహం నాకు లేదు. తిట్టాలనుంటే ఉత్తరం రాసి తిట్టు, మాట మాత్రం మానకు.

ఆ జవాబు ఇంకా మార్చలేదు. ఈ ఉదయం పదిమంది కొత్తవాళ్లకి దానికే మార్కులు వేశాను.

నీ చెల్లెలు,
పైడి