యలమంద నాచు

నాన్నా, ఇక్కడ నేను కులాసా.

రెండోసారి నువ్వు కొత్తపట్నం వెళ్లి తెచ్చిన సముద్రపు నీళ్లలోని నాచు నిన్న మా ల్యాబులో వెలిగింది! దానికి గుర్తుమందు కలిపిన మేత పెడతాం. కొత్తగా ప్రొటీన్ తయారైన చోటల్లా మైక్రోస్కోపులో ఆకుపచ్చగా మెరుస్తుంది. మొదటిసారి పత్తికి కొట్టే పురుగుమందు డబ్బా కడిగి అందులో తెచ్చావే, ఆ నాచు ఒక్క కణమూ మెరవలేదు. అయినా మేడం పారబోయనివ్వలేదు. "చచ్చింది వెలగదని చూపిస్తేనే వెలిగినదాన్ని నమ్ముతారమ్మా" అన్నారు.

సీసా మీద నీళ్లు తెచ్చినవాళ్ల పేరు రాయడం ఇక్కడి పద్ధతి. నీ పేరే రాశాను. ఇక ఎవరికి కావాలన్నా యలమంద నాచు అనే అడగాలి.

ఇంకో క్యాను నీళ్లు పంపు, కొత్త క్యానులోనే. కల్లంలో మిరపకాయలు ఎండాయా? అమ్మ మోకాలు ఎలా ఉంది?

ఫోన్లోనే చెప్పేదాన్ని. కార్డయితే పోస్టుమాన్ చదివి ఊరంతా చెబుతాడని రాశాను.

నీ శ్రీరమ్య