ఆ ఇరవై ఎకరాలు

ప్రసన్న వాళ్ళ నాయనా,

నేనూ పాపా నంద్యాల కాలేజీకి పోతాండాం. నువ్వు చేను నుంచి వచ్చేలోపల బస్సు వెళ్ళిపోతుందని ఇది రాసిపెడతాండా. సంగటి, ఊరిబిండి పొయ్యి పక్కన మూసిపెట్టినా.

మన రాబడి ఎంతో విచారించను ఆళ్ళగడ్డ తాలూకాఫీసు నుంచి ఈ పొద్దు సారు వస్తాడు. పాపకు మార్కులెన్ని వచ్చినా, రాబడి గవర్నమెంటు పెట్టిన హద్దు దాటితే స్కాలర్షిప్పు రాదు. పోయినేడు "మాకేం తక్కువ సార్" అని నువ్వు మీసం మెలేసినందుకే అది పోయింది. ఏడాదంతా ఫీజుకు తిప్పలు పడినాం.

ఈసారి ఉన్నదున్నట్టు చెప్పు. మూడెకరాల మెట్ట, అదీ వాన పడితేనే పంట. కొట్టంలో కట్టేసిన ఎద్దులు మనవి కావు, మా అన్నవని చెప్పు. కోడిని కొయ్యొద్దు, టీ చాలు. నీ సిల్కు చొక్కా పెట్టెలో పెట్టి తాళంచెవి నేనే తీసుకపోతాండా, వెతకొద్దు.

లేదని చెప్పుకోవడం నీకు చిన్నతనమని నాకు తెలుసు. పెళ్ళిచూపులకు వచ్చిన పొద్దు మా నాయనకు ఇరవై ఎకరాలని చెప్పినావు. కాపురానికి వచ్చి చూస్తే మూడే. ఇన్నేండ్లలో నేను ఒక్క మాటన్నా అన్నానా?

మార్తమ్మ

మరిచినా. సారు ముందర గొప్పలు నోటికొస్తే కొంచెం ఓర్చుకో. సాయంత్రం నేను వచ్చినాక ఆ ఇరవై ఎకరాలూ నాకు చెప్పు. నేనైతే మళ్ళా నమ్ముతా.