పెద్ద సైజు గ్లౌజులు, నా ఎడమ చూపుడువేలు

ఆరోగ్యశాఖ సరఫరాల అధికారి గారి సముఖమునకు,
ప్రభుత్వ దంతవైద్యశాల, మూడో నంబరు గదిలో పనిచేయు దంతవైద్యురాలు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా చేతికి పట్టే గ్లౌజులు ఇప్పించుట, నాపై తమరు మోపిన మూడు ఆరోపణలకు సంజాయిషీ.

1. పన్నెండేళ్ళుగా నేను ఈ ఆసుపత్రిలో పళ్ళు పీకుతున్నాను. మనిషిని పొట్టి. చేతులు కూడా అందుకు తగ్గట్టే చిన్నవి. ఎదుటివారి నోట్లో చేయి పెట్టే ఉద్యోగంలో ఇదేమీ లోపం కాదు. పోయిన ఏడాది దాకా మాకు గ్లౌజులు మూడు సైజుల్లో వచ్చేవి. తమరు బాధ్యతలు స్వీకరించిన నెలలోనే అవి ఒక్క సైజుకు కుదించబడినవి. ఆ ఒక్కటీ పెద్దది. గౌను కూడా అంతే. దాన్ని తొడుక్కుంటే చేతులు ఎక్కడున్నాయో నేనే వెతుక్కోవాలి.

2. చిన్న సైజు కావాలని మూడుసార్లు వ్రాశాను. మొదటి రెండింటికీ జవాబు లేదు. మూడోదానికి తమ సంతకంతో ఇలా వచ్చింది: "సిబ్బంది చేతుల సగటు కొలత ఆధారముగా కొనుగోలు చేయడమైనది. సిబ్బంది సర్దుకోవలెను." ఆ వాక్యాన్ని మా సిస్టర్‌కు చదివి వినిపించాను. ఆమె నా చేతిని తన చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎలా సర్దుదాం డాక్టరమ్మా, సాగదీద్దామా?" అంది. తమరి దగ్గర విధానమేదైనా ఉంటే తెలుపగలరు.

3. ఈ సరంజామాలో పనిచేయడమంటే ఏమిటో తమకు తెలిసే అవకాశం లేదు. మార్చి నెలలో తమరు తనిఖీకి వచ్చినప్పుడు మా గది గుమ్మం దగ్గరే ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని పదకొండు నిమిషాలు నిలబడి, చెత్తబుట్ట రంగు సరిగా లేదని వ్రాసుకుని వెళ్ళారు. లోపలికి వచ్చి ఉంటే కొన్ని సంగతులు తెలిసేవి. ముఖకవచం ప్లాస్టిక్‌కు ఊపిరి తగిలి, పది నిమిషాల్లో రోగి దవడ మంచులో ఉన్నట్టు కనబడుతుంది. రెండు మాస్కుల వెనక నుంచి నేను "నోరు తెరవండి" అంటే వాళ్ళు "ఆ?" అంటారు. అలా అన్నప్పుడు నోరు ఎలాగూ తెరుచుకుంటుంది కనుక ఆ ఒక్కటీ లాభమే. ఉదయం తొడుక్కుంటే మధ్యాహ్నం దాకా మంచినీళ్ళు తాగను, ఎందుకంటే తాగితే ఇంకొకచోటికి వెళ్ళాలి, వెళ్ళాలంటే అన్నీ విప్పాలి. వేళ్ళకు స్పర్శ తెలియదు. పన్ను కదిలిందో, గ్లౌజు జారిందో నాకే అనుమానం.

4. పోయిన బుధవారం మధ్యాహ్నం రెండున్నరకు గోడలకు రంగులు వేసే పెయింటరు ఒకతను కింది దవడ పన్ను నొప్పితో మూడోసారి వచ్చాడు. తిమ్మిరికి ఇంజెక్షన్ ఇస్తూ ఎడమచేత్తో బుగ్గను పక్కకు పట్టుకున్నాను. చూపుడువేలి చివర అర అంగుళం గ్లౌజు ఖాళీగా వేలాడుతూ ఉంటుంది, అది తమరి సగటు. సూది బయటికి తీస్తున్నప్పుడు దాని మొన ఆ ఖాళీ రబ్బరుకు తగులుకుని, రబ్బరు గుంజుకుని, సూది నా వేలిలో దిగింది. దాని మీద అతని రక్తం ఉంది.

5. వేలు సబ్బుతో కడుక్కుని, ఇలాంటప్పుడు చేయవలసినట్టే అతనికి చెప్పాను: "మీ రక్తం పరీక్ష చేయించాలి. కంగారు పడకండి, మీకేం లేదు, ఇది నా కోసం." అతనికి వినబడింది "మీ రక్తం", "కంగారు" అనే మాటలు మాత్రమే. చూస్తే నేను విప్పి పడేసిన గ్లౌజు ఎర్రగా ఉంది. సగం మొద్దుబారిన మూతితో "నాకేమైందండీ?" అన్నాడు. నేను మళ్ళీ అరిచాను. అరిస్తే మనిషికి ఇంకా భయం వేస్తుందని ఆ క్షణాన తోచలేదు. కుర్చీలోంచి లేచి, చెప్పులు కూడా వదిలేసి వెళ్ళిపోయాడు.

6. అతని రక్తంలో ఏముందో తెలియనంత కాలం నాలో ఏముందో తెలియదు. హెచ్‌ఐవీ సోకకుండా వేసుకునే ముందుజాగ్రత్త మందుల్లో మొదటి మోతాదు వేసుకున్నాను. నాకు ఆరేళ్ళ పాప ఉంది. సాయంత్రం ఇంటికి వెళ్ళగానే ఎదురొచ్చి మెడకు వేలాడుతుంది. దాన్ని ఎత్తుకోవచ్చని చదువుకున్నదాన్నే, రోజూ రోగులకు చెప్పేదాన్నే. అయినా ఎత్తుకోగలనా అని ఆలోచిస్తూ నిలబడ్డాను. సిస్టర్ ఓపీ చీటీల్లోంచి అతని చిరునామా తీసి, స్కూటరు తాళం చేతబట్టుకుని, "పదండి" అంది. అనుమతి కోసం తమ కార్యాలయానికి రెండుసార్లు ఫోన్ చేశాం. రెండుసార్లూ భోజనానికి వెళ్ళారన్నారు. అప్పుడు సమయం మూడూ ఇరవై.

7. మూడో వీధి చివర, రంగు డబ్బాలు పేర్చి ఉన్న ఇల్లు. అతని భార్య తలుపు తీసింది.

"నేను పళ్ళ డాక్టర్నమ్మా. మీ ఆయనతో మాట్లాడాలి."

లోపల్నుంచి అతను తొంగిచూశాడు. మూతి ఇంకా ఒక పక్కకే ఉంది. "ఈవిడ కాదు. ఆ డాక్టరు ఇంత లావుగా ఉంటుంది. గొంతు కూడా డ్రమ్ములోంచి వచ్చినట్టుంటుంది. ఈవిడెవరో నాకు తెలీదు, తలుపెయ్యి."

రెండు వారాలుగా నా దగ్గరికి మూడుసార్లు వచ్చిన మనిషి. ఒక్కసారైనా నా మొహం చూసి ఉంటే కదా! సిస్టర్ సంచిలోంచి మాస్కు, ముఖకవచం తీసి ఇచ్చింది. నడివీధిలో, పక్కింటివాళ్ళు చూస్తుండగా, అవి పెట్టుకుని "నోరు తెరవండి" అన్నాను.

"అమ్మో, ఈవిడే!" అన్నాడు.

మళ్ళీ అవన్నీ తీసేసి, గడప మీద కూర్చుని, జరిగింది నిదానంగా చెప్పాను. అతను చాలాసేపు నా వేలినే చూశాడు. "అయితే జబ్బు నాకు కాదా? మీకా?"

"ఎవరికైనా ఉందో లేదో తెలీదు. అందుకే మీ రక్తం కావాలి. బలవంతం లేదు."

భార్య గొంతు తగ్గించి "ఏ జబ్బండీ?" అంది. చెప్పాను. ఆమె మొగుడి వైపు చూసింది. అతను నేల వైపు చూశాడు. ఒకరి కాపురంలోకి నా సూది తీసుకుని వెళ్ళానని నాకు అప్పుడు అర్థమైంది. అయ్యా, తమరి సగటు కొలత అంత దూరం వెళ్ళింది.

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. "పద. నేనూ ఇస్తాను రక్తం. ఏదున్నా ఇద్దరికీ ఒకేసారి తెలుస్తుంది."

8. వాళ్ళిద్దరూ రక్తం ఇచ్చాక, ల్యాబు ముందు బల్ల మీద నలుగురం కూర్చున్నాం. అరగంట. మధ్యలో పెయింటరు భార్య "మీకు పిల్లలా?" అని అడిగింది. "ఒక పాప" అన్నాను. తల ఊపి, తన చేయి నా మోచేతి మీద వేసి అలాగే ఉంచింది. ల్యాబతను బయటికి వచ్చి, అందరిలోకీ నన్నే చూసి, "ఏమీ లేదు మేడమ్. ఇద్దరికీ ఏమీ లేదు" అన్నాడు. పెయింటరు లేచి నిలబడి, ఏం చేయాలో తెలియక అతనికి దండం పెట్టాడు. అతని భార్య అప్పుడు ఏడ్చింది. నేను బాత్రూములోకి వెళ్ళి మందు తాలూకు వాంతి చేసుకుని వచ్చాను. ఆ సాయంత్రం పాపను ఎత్తుకునే వంట చేశాను. దిగమన్నా దిగలేదు, నేనూ గట్టిగా చెప్పలేదు.

9. మర్నాడే తమ మెమో అందినది. గ్లౌజు గురించి అందులో ఒక్క అక్షరం లేదు. ఆరోపణలు, నా జవాబులు:

(అ) "సూది మార్గములో వేలు ఉంచిన అజాగ్రత్త." వేలు దాని చోటులోనే ఉంది. అక్కడ ఉండకూడనిది తమరి రబ్బరు.

(ఆ) "అనుమతి లేక రెండు గంటల పది నిమిషములు విధులకు గైర్హాజరు." అంగీకరిస్తున్నాను. ఆ సమయంలో తమరు భోజనంలో ఉన్నారు. ఇద్దరి గైర్హాజరునూ పక్కపక్కన పెట్టి చూడవలసిందని మనవి.

(ఇ) "ప్రభుత్వ ముఖకవచమును ఆవరణ దాటించుట." దాటించాను. అది లేకపోతే నేనెవరో రుజువు చేసుకునే దారి లేదు. ఆ వస్తువు వల్ల నాకు ఇప్పటిదాకా జరిగిన ఒకే ఒక ఉపకారం అది.

10. కాబట్టి కోరునది ఏమనగా: చిన్న సైజు గ్లౌజులు పంపించండి. కుదరదంటే, తమరొక్కసారి మా మూడో గదికి వచ్చి, అవే గౌను, రెండు మాస్కులు, ముఖకవచం, గ్లౌజులు తొడుక్కుని, ఒక్క గంట నిలబడండి. పన్ను పీకనవసరం లేదు, ఆ పని తమ చేతిలో పెట్టేంత పగ నాకు రోగుల మీద లేదు. చొక్కా గుండీలు పెట్టుకుని, విప్పుకుని చూడండి చాలు. అప్పటికీ సర్దుకోవచ్చని తోస్తే అదే మాట మళ్ళీ వ్రాయండి, ఈసారి ఆ గ్లౌజులతోనే.

భోజనానంతరం తీరిక దొరికినప్పుడు చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు
(నమూనా పత్రంలో ఈ మాట ఉన్నందున వ్రాయడమైనది.)

తా.క.: పెయింటరు నిన్న వచ్చి పన్ను తీయించుకున్నాడు. భార్య కూడా వచ్చింది, తన పన్ను కూడా చూడమంది. ఆ రోజు తర్వాత నేనొక అలవాటు చేసుకున్నాను. ప్రతి రోగి వచ్చినప్పుడూ ముందు మొహానికి ఏమీ లేకుండా గుమ్మం దగ్గర నిలబడి, "నేనే మీ డాక్టర్ని, చూసుకోండి" అని చెప్పి, ఆ తర్వాతే కవచం పెట్టుకుంటున్నాను. ఇదీ నిబంధనలకు విరుద్ధమే అయి ఉంటుంది. మెమో పంపండి. రేపు కూడా గుమ్మంలోనే ఉంటాను.