నిద్రపోయే హంస

నాగమ్మా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. నీకు చదువు రాదని తెలిసీ రాస్తున్నాను. ఉన్నప్పుడు మాత్రం ఈ మొగుడి మాట చివరిదాకా ఎప్పుడు విన్నావు గనక!

మొన్న హిందూపురం రామప్పతో మద్రాసు పోయాను. అక్కడ జనం మ్యూజియాన్ని చచ్చిన కాలేజీ అంటారు, జంతువుల తోటను బతికిన కాలేజీ అంటారు. బతికినదే ముందు చూడాలని రామప్ప పట్టుబట్టాడు. అక్కడి ఏనుగు సంగతి వద్దులే, అది పెద్ద కథ.

చచ్చిన కాలేజీలో దేవుళ్ల విగ్రహాలున్నాయని చెప్పులు బయటే విడిచాను. తిరిగొచ్చేసరికి అక్కడే ఉన్నాయి, మద్రాసు మంచి ఊరే. మేడమీద ఒక అద్దాల పెట్టెలో ధర్మవరం పట్టుచీర పరిచారు. అంచు నిండా హంసలు. అందులో ఒకదానికి కన్ను లేదు.

ఆ చీర మనదే. మగ్గం గుంటలో నేను కూర్చుని నేస్తుంటే, పక్కన నిలబడి హంసల బొమ్మ పడేలా అంచు దారాలు లాగింది నువ్వు. ఆ కన్ను దగ్గర ఒక దారం లాగడం మరిచావు.

"యాడ చూస్తాండావే?" అని వీధంతా వినపడేలా అరిచాను.

"ఒక్క హంస నిద్రపోతాండాదిలే. అరిసి లేపొద్దు," అన్నావు.

రెండు రోజులు నీతో మాట్లాడలేదు. ఆ పూట నీ ఒళ్లు జ్వరంతో కాలిపోతోందని తర్వాతెప్పుడో తెలిసింది. అప్పుడు నువ్వు చెప్పలేదు, నేను అడగలేదు.

ఆ అద్దం మీద చెయ్యి పెట్టి ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. వెనకనుంచి రామప్ప గట్టిగా కేకేశాడు.

"ఏమప్పా, ఆడ ఏముండాదని? బస్సు పోతాది!"

"మెల్లిగా మాట్లాడబ్బా," అన్నాను. "నిద్రపోతాండాది."