ఫొటోలో మన ఆకుమడి

నాన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఈ రోజే మన ఊరి డ్రోన్ ఫొటోలు మా ఆఫీసుకి వచ్చాయి. పైనించి తీసిన ఫొటో చూసి ఏ చేలో ఏ పంట ఉందో రాయడమే కాకినాడలో నా ఉద్యోగమని నీకు తెలుసుగా.

మన చేను నల్లటి నీళ్లతో కనిపించింది. దానికి మూడు వైపులా రొయ్యల చెరువులే. పక్క సీట్లో ఉండే సుబ్బలక్ష్మి గారు తొంగిచూసి, "ఇదీ చెరువేనండి, రాసేయండి" అన్నారు.

"మా చేనండి అది! నాట్లకి దమ్ము చేసి నీళ్లు పెట్టాం. మూలన ఆకుమడి కనపడట్లేదా? చెరువులో ఎవరైనా నారు పోస్తారేంటండీ?" అని కసిరి, 'వరి' అని రాశాను.

తర్వాత ఫొటో పెద్దది చేసి చూశాను. చెరువు గట్టు పక్కనున్న నారంతా ఎర్రబడి ఉంది.

నువ్వయితే చెరువులోంచి ఉప్పు దిగిందేమోనని ఆ నీళ్లు దోసిట్లోకి తీసి, నాలిక మీద వేసుకుని చూసేవాడివి. ఫొటోకి రుచి ఉండదు కదా.

చేలోనే ఉన్న అన్నయ్యకి ఫోన్ చేసి, "ఆకుమడిలో నీళ్లు ఓసారి నోట్లో వేసుకుని చూడన్నయ్యా" అన్నాను.

"ఎందుకే?" అంటూనే మడిలోకి దిగాడు. ఉమ్మిన చప్పుడు వినిపించింది నాన్నా. ఆగి, మళ్లీ ఉమ్మాడు.